బన్సీలాల్‌పేట్ ఇంట్లో నీలం గది

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. పాత కట్టడాల చరిత్ర పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. జైపూర్, ఇస్తాంబుల్, ఫ్లారెన్స్... వాటి కోసం ఊళ్లు పట్టుకుని తిరిగినదాన్ని. సమాధుల్లోకీ నేలమాళిగల్లోకీ ఒంటరిగా దిగాను. ఎక్కడా దారి తప్పలేదు. తప్పింది మా సికింద్రాబాద్‌లోనే.

బన్సీలాల్‌పేట్‌లో ఒక పాత ఇల్లు కూల్చేస్తారని తెలిసి, ఈలోపే ఫోటోలు తీసుకుందామని వెళ్లాను. పొద్దున పూట, మంచి ఎండ. ఇంటాయన నర్సింగరావు గారు, డెబ్బై దాటిన మనిషి. వరండాలో కూర్చోబెట్టి టీ తాగమన్నారు. చూసొచ్చి తాగుతానని లోపలికి నడిచాను.

లోపలి గదికి నీలం సున్నం, వీధి వైపు ఊచల కిటికీ. ఫోటో తీసుకుని, వచ్చిన తలుపులోంచే బయటికి అడుగు పెట్టాను. మళ్లీ అదే గది. ఎదురు తలుపు తీశాను. అదే కిటికీ, గోడ మీద అదే తడి మరక.

మొదట నవ్వొచ్చింది. పిల్లలకి ప్లాన్ గీయడం నేర్పేదాన్ని నేను. బ్యాగు గది మధ్యలో పెట్టి అవతలికి నడిచాను. అవతలి గది మధ్యలో నా బ్యాగు.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. కిటికీ ఊచలు పట్టుకుని పిలిచాను. వారగా వరండా కనిపిస్తోంది. స్తంభం చాటున ఎవరో ఉన్నట్టున్నారు, నర్సింగరావు గారు తలాడిస్తూ వాళ్లతో మాట్లాడుతున్నారు. గొంతు చించుకుని అరిచినా ఇటు తిరగలేదు. వీధిలో తోపుడు బండి మనిషి కూడా చూడకుండానే వెళ్లిపోయాడు. నేల మీద కూలబడి ఏడ్చాను. చివరికి కళ్లు గట్టిగా మూసుకుని, గోడ తడుముకుంటూ నడిచాను. కాలికి ఎండ తగిలి కళ్లు తెరిస్తే వరండా.

అంతసేపు పిలిస్తే వినపడలేదా అని కోపంగా అడిగాను. ఆయన నన్ను వింతగా చూశారు.

"ఏందమ్మా, గిప్పటిదాంక నాతోనే కూసున్నరు గదా. ముఖం కడుక్కొని వస్తనని జెరసేపైంది లేసి."

ఎదురు కుర్చీ పక్కన ఖాళీ టీ కప్పు ఉంది. నేనేం మాట్లాడానని అడిగాను.

"లోపలికి రానంటిరి. చిన్నగున్నప్పుడు మిమ్మల్ని కట్టెల గదిల ఏసి గొళ్లెం పెట్టిన్రంట. దినమంత ఎవ్వరు తీయలేదంట. మీరు ఏడుస్తుంటే నాకే తక్లీఫ్ అయింది."

నాకు అలాంటిదేమీ గుర్తు లేదు. సాయంత్రం కాప్రాలో ఇంటికి చేరగానే, కాకినాడలో ఉన్న అక్కకి ఫోన్ చేసి మామూలుగానే అడిగాను.

"అది నీకెవరు చెప్పారే? నీకప్పటికి మాటలే రాలేదు. నీ దగ్గర ఆ సంగతి ఎప్పుడూ ఎత్తొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది."

గొళ్లెం పెట్టిందెవరని అడిగాను. ఫోన్ పెట్టేసింది. ఇప్పటికీ ఆ మాట వస్తే లేచి వెళ్లిపోతుంది.

ఆ రోజు వరండాలో కూర్చున్నదెవరో, నాకే తెలియనిది తనకెలా తెలిసిందో ఎంత ఆలోచించినా అంతు చిక్కడం లేదు. ఆ ఇల్లిప్పుడు లేదు. నర్సింగరావు గారు బోయిన్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. గొళ్లెం పెట్టిన మనిషి పేరు ఆయన వినే ఉంటారు. అడుగుదామని రెండుసార్లు ఆటో ఎక్కాను. రెండుసార్లూ మధ్యలోనే దిగిపోయాను.