వాగులో దిగలేదన్నాడు

ఆ సాయంత్రం మా ఆయన దావీదు ఉత్త కాళ్ళతో ఇంటికొచ్చాడు. ఆటో కూడా లేదు. పెద్దేముల్ దిక్కు ఊళ్ళకు ఆన్‌లైన్ పార్సిళ్ళు చేరవేసే పని ఆయనది. బండి మాది, పని మాత్రం ఫోన్‌లో యాప్ చెప్పినట్టు. "బండి ఖరాబైంది, మెకానిక్ తాన పెట్టిన," అన్నాడు. చెప్పులేవంటే తెగాయన్నాడు. రెండూ ఒకేసారి ఎట్లా తెగుతాయి? తాగి ఎక్కడో గుద్దాడనుకుని నోరు వాసన చూశాను. ఏమీ లేదు. అనుమానం ఇంకా పెరిగింది.

వారం తిరిగేసరికి చలిజ్వరం పట్టుకుంది. పిక్కలు నొప్పులని ముట్టుకోనివ్వడు, కళ్ళు ఎర్రబడ్డాయి. తాండూరులో టైఫాయిడ్ అని గోళీలిచ్చారు. తగ్గకపోగా కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం తగ్గింది. వికారాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. డెంగ్యూ నెగెటివ్, మలేరియా నెగెటివ్. "ప్లేట్‌లెట్స్ తక్కువున్నయి, క్రియాటినిన్ పెరుగుతుంది, కిడ్నీల మీద పడ్డది," అంది డాక్టరమ్మ. తర్వాత ఆయన్నే చూస్తూ, "ఈ మధ్య వరద నీళ్ళల్ల ఏమన్న దిగినవా?" అని అడిగింది.

"లేదు మేడం," అన్నాడు. జవాబు ముందే తయారుగా పెట్టుకున్నట్టు అన్నాడు.

ఆమె అటు పోగానే నా చెయ్యి గుంజి, "డాక్టర్‌కు నీళ్ళ ముచ్చట ఎందుకే? ఇన్సూరెన్సోళ్ళు అడగమన్నరు గావచ్చు. నువ్వు జర సప్పుడు చెయ్యకు," అన్నాడు. పలవరిస్తున్నాడనుకున్నాను. కానీ పక్క మంచం దగ్గర ఫైలు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. ఆ మనిషి ఇన్సూరెన్సోడు కాదు, పరిగి నుంచి వాళ్ళత్తను చూడటానికి వచ్చాడు. దొంగకు తేలు కుట్టినట్టు లోపల్లోపలే మూలుగుతున్న మా ఆయన్ని చూస్తే, ఏదో దాస్తున్నాడని అర్థమైంది.

మర్నాడు బట్టల కోసం తాండూరు పోయి, దారిలో మెకానిక్ ఖాజా షెడ్డు దగ్గర ఆగాను. ఆటో సీటు దాకా ఒండుమట్టి ఎండి పెళ్ళలు కట్టింది.

"ఇంజిన్‌ల వాగు నీళ్ళు పోయినయ్ అక్కా," అన్నాడు ఖాజా. "వాగు పొంగి రోడ్డు బందని తుమ్మకంపలు అడ్డం పెట్టిండ్రంట. ఆర్డర్ పోతదన్న ఫికర్‌ల కంపలు గుంజి పోయిండు. నడిమిట్ల బండి ఆగితే దిగి నూకిండు. బంద్ రోడ్డు మీద పోయిండని తెలిస్తే ఇన్సూరెన్స్ రాదని, ఎవ్వరికీ చెప్పొద్దన్నడు."

బట్టలు మరిచిపోయి బస్సెక్కాను. డాక్టరమ్మకు అంతా చెప్పేశాను.

"ఈ మాట నిన్ననే చెప్పొద్దా అమ్మా," అందామె. "లెప్టోస్పైరోసిస్ కావచ్చు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళల్ల పగిలిన కాళ్ళతోని దిగితే వస్తది. రిపోర్టు వచ్చేదాక ఆగను, ఇంజెక్షన్ ఇప్పుడే మొదలుపెడ్త."

ఆయన మడమల పగుళ్ళు నేను రోజూ చూసేవే.

ఇంజెక్షన్ పడ్డా కిడ్నీలు వెంటనే దారికి రాలేదు, డయాలసిస్ చేశారు. ఆ మిషన్ పక్కన కూర్చుని నేను ఏడుస్తుంటే ఆయన మొహం అటు తిప్పుకుని, "నా బండి సంగతి ఖతం చేసినవు," అన్నాడు.

"నువ్వు లేకుంటే ఆ బండి ఎవరు నడుపుతరయ్యా?" అన్నాను.

మెల్లగా మూత్రం సాగింది, పచ్చదనం తగ్గింది. ఇంటికొచ్చాక పాలసీ చేయించిన ఏజెంటు దగ్గరికి పోయాం. అతను కాగితం సగం మడత విప్పి మళ్ళీ మూసేశాడు.

"గిది థర్డ్ పార్టీదే గదా దావీదన్నా. నీ బండి ఎవరికన్న తగిలితే వాళ్ళకిస్తరు. నీ బండికి ఏమైనా ఏం రాదు. రోడ్డు తెరిచున్నా అంతే, బందున్నా అంతే."

దావీదు అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. లేని ఇన్సూరెన్స్‌కు ప్రాణాన్ని కాపలా పెట్టాడు ఈ మనిషి. చెయ్యి పట్టుకుని లేపాను.

మా బండి ఇంకా ఖాజా షెడ్డులోనే ఉంది, ఇప్పుడు వేరేవాళ్ళ ఆటో నడుపుతున్నాడు. రోడ్డు బందైతే ఇవతలే ఆగానని ఫోన్ చేస్తాడు. నేను నమ్మను, వీడియోలో కంపలు చూపించమంటాను.

మీ ఇంట్లో ఎవరికైనా వానల్లో జ్వరమొస్తే, ఏ నీళ్ళలో దిగారో డాక్టర్ అడగకముందే చెప్పండి. రోగి చెప్పకపోతే మీరు చెప్పండి. మొన్న చెకప్‌లో డాక్టరమ్మ ఆ రోజు వాగు నీళ్ళు ఎంతదాకా వచ్చాయని అడిగితే, దావీదు నా వైపు చూడకుండా చెయ్యి రొమ్ముదాకా ఎత్తాడు. నాకు మాత్రం మోకాళ్ళ దాకా అని చెప్పాడు.