పోతు ఆగాకర పగ

మా చిన్నప్పుడు... ఘంటసాలలో మా పెరటికీ సుశీల అత్తయ్య పెరటికీ మధ్య తాటాకు దడి ఒక్కటే అడ్డం. తొలకరి పడగానే ఆవిడ ఆ దడి మీదుగా ఐదు ఆగాకర దుంపలు అమ్మకి అందించింది.

"పాతుకోండి వదినా... పందిరి నిండా కాస్తాయి" అంది.

ప్రతి దుంపకీ ఉన్న ఎండు కాడకి ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉంది. దిష్టి తగలకుండా కట్టారు కాబోలు అనుకుంది అమ్మ.

తీగలు పందిరెక్కాయి. పూత విరగబూసింది... ఒక్క పిందె లేదు. దడి అవతల ఆవిడ మాత్రం రెండ్రోజులకోసారి చేటెడు కాయలు కోసేది.

శ్రావణ శుక్రవారం పేరంటంలో పదిమంది ముందు ఆవిడ అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

"కొందరికి తీగైనా, కడుపైనా నిలవదమ్మా... చేతివాసి అలాంటిది."

అమ్మకి నా తర్వాత రెండుసార్లు కడుపు పోయింది. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. అమ్మ శనగలు కొంగులో మూటకట్టుకుని ఇంటికొచ్చేసింది. నాకు అన్నం పెడుతూ ఏడ్చింది...

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ వారమే సైన్స్ మేడం బోర్డు మీద 'ఏకస్థితికం' అని రాశారు. పుప్పొడి రేణువులో క్రోమోజోములు సగమే ఉంటాయట, మిగతా సగం పిందె కడుపులో ఉంటుందట. రెండు సగాలూ కలిస్తేనే కాయ. బొప్పాయిలో, తాడిలో, ఆగాకరలో పోతు వేరు, ఆడది వేరు అన్నారు.

"పోతు తీగలన్నీ పీకేస్తే ఏమవుతుంది మేడం?" అని అడిగాను.

"ఆడ పూలు పిందెతోనే రాలిపోతాయి. పక్క పెరట్లోనైనా ఒక పోతు తీగ ఉండాలి" అన్నారు.

అప్పుడు అర్థమైంది ఆ గుడ్డపీలికల సంగతి. కాయని తీగలకి చోటెందుకు దండగని, పోతువన్నీ గుర్తుపెట్టి మరీ మాకు అంటగట్టింది మహాతల్లి. చుట్టుపక్కల ఇంకెవరికీ ఆగాకర లేదు. అంటే ఆవిడ కోసే ప్రతి కాయా మా పూల చలవే!

ఇంక ఊరుకుంటానా... రోజూ బడి నుంచి రాగానే, మా పందిరి మీద సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గలన్నీ తుంచేసేదాన్ని. అంత సంతోషంగా ఏ పనీ చేయలేదు నేను.

నాలుగో రోజు నా ఒళ్ళో మొగ్గలు అమ్మ చూసింది. విషయమంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి, నాకు అందని మూల పందిరి కింద ఎత్తు పీట వేసి ఉంది.

పది రోజులకి అవతల పిందెలు పసుపెక్కి రాలడం మొదలైంది. వ్యవసాయ శాఖలో పనిచేసే ఆవిడ తమ్ముడు కారణం చెప్పాడట. ఆవిడ దడి దగ్గరికొచ్చి నిలబడింది.

"వదినా, మీ పూలు నాలుగిస్తే మా వాటికి రుద్దుకుంటాను..."

"పేరంటంలో అన్న మాట పేరంటంలోనే తప్పని చెప్పండి. పూలు నేనే తెచ్చిస్తాను" అంది అమ్మ. గొంతు కూడా పెంచలేదు.

ఆవిడ చెప్పలేదు. మేమివ్వలేదు. ఆ ఏడు ఆవిడ పందిరి మీద ఒట్టి ఆకులే మిగిలాయి.

ఇప్పుడు దడి పోయి గోడ లేచింది. ఆగాకరకాయలు రైతుబజార్లో తూకానికి కొంటున్నాం, ఆ తీగల్లో ఆడా మగా ఉంటాయని మా పిల్లలకి తెలీదు. ఆవిడ కాలం చేసినప్పుడు అందరూ చాలా మంచిదన్నారు... నేను నోరు మూసుకున్నాను. క్షమించానా అంటే, లేదండి. అమ్మ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మళ్ళీ ఏ పేరంటానికీ వెళ్ళలేదు మరి.

మీ అమ్మ కోసం మీరు తీర్చుకున్న పగ ఏదైనా ఉంటే కింద రాయండి... నీతులు చెప్పేవాళ్ళు మాత్రం దయచేసి పక్క పోస్టుకి వెళ్ళండి.