గాలి చొరని రేకుల కొట్టం

మా మామ కట్టించిన రేకుల కొట్టానికి ఇబ్రహీంపట్నంలో చాలా పేరుండేది. ఎండ ముదిరితే అందులో జొన్నలు వాటంతటవే పేలాలవుతాయని చెప్పుకునేవారు. అదీ పేరే కదా.

రజాకార్లు ఊళ్ల మీద పడి గడ్డి ఇళ్లు తగలబెడుతున్న రోజులవి. రేకు అంటుకోదు కాబట్టి మామ మమ్మల్నందరినీ గడ్డి ఇంట్లోంచి గొడ్ల కొట్టంలోకి మార్చాడు. వేప గుంజలు పాతి, చుట్టూ పైనా జింకు రేకులు కొట్టిన కొట్టం అది. గొడ్లు చెట్టు కిందికి పోయాయి. వాటి అదృష్టం.

నాకప్పుడు పదిహేడేళ్లు, ఒళ్లో రెండు నెలల ఆడబిడ్డ. పసిదానికి గాలి సోకకుండా చూడాలని అత్త అన్నది. ఆమె చెప్పిన గాలి వేరు, దయ్యం గాలి, వేపమండ కడితే పోయేది. మామ మాత్రం రేకుల సందుల్లోంచి కొట్టే గాలి అనుకున్నాడు. ఎలాగూ ఆ సందుల్లోంచి మా దీపం వెలుగూ మా మాటలూ బయటికి పోతాయని ఆయనకు భయం. ఇంకేం, పని దొరికింది.

రేకు అలలు అలలుగా ఉంటుంది, అడ్డకర్ర తిన్నగా ఉంటుంది. రెండూ కలిసేచోట వేళ్లు దూరే సందులు. ముందు పేడ కలిపిన మట్టి మెత్తాడు. మధ్యాహ్నానికి రేకు వేడెక్కింది, మట్టి పెళ్లలుగా ఊడి మా అన్నంలో రాలింది. మర్నాడు చింతగింజల గంజిలో పేలికలు ముంచి కూరాడు. ఆ గంజి ఎలుకలకు బాగా నచ్చింది. మళ్లీ కూరాడు. పాత గుడ్డలు అయిపోయాక నా పెళ్లిచీర చించాడు. నేను మా ఆయన వైపు చూస్తే, బాపు చెప్పిండు గద అన్నాడు. ఆయన జన్మంతా ఆ ఒక్క మాట మీదే గడిచిపోయింది.

రేకులు కొట్టిన మేస్త్రీ మా గల్లీ సాయిబే. పైన ఒక్క సందన్నా వదలమని, రేకుల ఇంటికి ఊపిరి ఆడాలని చెప్పి చూశాడు. ఇంటికి ఊపిరేందని మామ పదిమందిలో నవ్వాడు. నాకు మేస్త్రీ మాటే సబబనిపించింది. కానీ మా ఇంట్లో కోడలు మామతో మాట్లాడే ఆచారం లేదు. తలుపు చాటున నిలబడి అత్తకు చెప్పాలి, అత్త ఆయనకు చెప్పాలి. ఒంటి గది కొట్టంలో తలుపు చాటు ఎక్కడిది? గుంజ చాటున నిలబడేదాన్ని. ఆ గుంజ నా భుజమంత లావు కూడా లేదు.

ఒకరోజు ఎర్రటి ఎండలో రోడ్డు వైపు నుంచి పెద్దగా అరుపులు వినిపించాయి. రజాకార్లే అన్నాడు మామ. గడియ పెట్టి, మిగిలిన సందులు కూడా కూరేశాడు. బిడ్డ ఏడ్చింది. కాసేపటికి తనే ఊరుకుంది. బుద్ధిమంతురాలని మామ మెచ్చుకున్నాడు. పాలివ్వబోతే పట్టలేదు, ఒళ్లు కాలిపోతోంది. అత్తకు చెప్పాను, అత్త మామకు చెప్పింది, జర ఆగమన్నాడు మామ. ఆ మాట అత్త మీదుగా నా దగ్గరికి చేరేసరికి బిడ్డ కళ్లు తేలేసింది. అంత భయం నాకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

లేచి నా పెళ్లిచీర పేలికను పట్టి లాగేశాను.

"ఎవలు తీయమన్నరు?" అన్నాడు మామ.

"మామా, నీ కొట్టంల గాలి జొరదు. నా బిడ్డ సచ్చిపోతది."

కాపురానికి వచ్చాక ఆయనతో నేనన్న మొదటి మాట అది. బిడ్డ ముఖాన్ని సందుకు ఆనించాను. కాసేపటికి దగ్గింది, తర్వాత గుక్కపట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ సందులోంచే బయటి మాటలు లోపలికి వచ్చాయి. యూనియన్ పటాలం పట్నం చేరిందట, నిజాం లొంగిపోయాడట. ఊరంతా రోడ్డు మీద సంబరం చేసుకుంటుంటే మేం లోపల ఉడుకుతున్నాం.

నాలుగు రోజులకు భయం ఇల్లు మారింది. పక్క ఊళ్లలో జనం సాయిబుల ఇళ్ల మీద పడుతున్నారని తెలిసి, మేస్త్రీ తన భార్యనూ చంటిపిల్లవాణ్నీ వెంటబెట్టుకుని మా తలుపు తట్టాడు. మామ వాళ్లను లోపలికి తీసుకుని గడియ పెట్టాడు. ఆమె మూలకు పోబోతే, నేను పేలిక లాగేసిన సందు కింద చోటు చూపించాడు.

"గీడ కూసో బిడ్డా, పిల్లగానికి గాలొస్తది. నేనే ఇడిసిపెట్టిన గీ సందు."

మేస్త్రీ నా వైపు చూశాడు. నేను గుంజ చాటుకు జరిగాను. మామతో మాట్లాడే ఆచారం మా ఇంట్లో లేదు కదా.