సర్దార్ బీ అడిగిన వాసనలు

భీమిలికి రెండు మైళ్ళ ముందు రోడ్డు దిగి సరుగుడు తోటలోంచి సముద్రం వైపు నడిస్తే, ఆరు గదుల పెంకుటిల్లు ఒకటి కనిపించేది. గేటు మీద ‘బెతెల్ విడిది’ అని రాసి ఉండేది కానీ ఆ పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. తోట బంగళా అనేవారు. పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన జ్ఞానశేఖర్ గారూ, ఆయన భార్య జయశీలమ్మగారూ దాన్ని నడిపేవారు. విశాఖపట్నం రొద పడలేనివాళ్ళు రెండు మూడు రోజులు ఉండిపోదామని వచ్చేవారు. అక్కడ వినిపించేది రెండే చప్పుళ్ళు. ఒకటి సముద్రం, రెండోది సరుగుడు చెట్ల హోరు. కాసేపటికి ఏది ఏదో తెలిసేది కాదు.

నేను మొదటిసారి అక్కడికి వెళ్ళింది 1979 జనవరిలో. అప్పుడు నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. పొద్దస్తమానం చెవిలో ఎవరెవరివో గొంతులు. నిద్రలో కూడా “హలో, ట్రంకాల్” అంటున్నానని మా అమ్మ భయపడింది. డాక్టరు నాలుగు రోజులు ఎవరి మాటా వినకుండా ఉండమన్నాడు.

రెండో రోజు పొద్దున్న వేడినీళ్ళ కోసం వంటగదికి వెళ్ళాను. అది ఇంటికి వెనక, విడిగా ఉండేది. సముద్రం మీంచి వచ్చిన మంచూ, కట్టెల పొయ్యి పొగా కలిసిపోయి గది సగమే కనిపిస్తోంది. ఆ పొగలో యాభై ఏళ్ళావిడ, తలమీద కొంగు కప్పుకుని, మూకుడు మీదికి వంగి చెవి పెట్టి వింటోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

“అమ్మాయ్, ఓపాలి ఇలా రా. ఈ మూకుడు కాడ నిలబడి ఏటి వాసనొత్తందో సెప్పు.”

“బాగుందండీ” అన్నాను.

“బాగుండడం కాదమ్మా. ఏటి వాసన?”

అలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. కళ్ళు మూసుకున్నాను. “ఎండుగడ్డి వాసన. ఆగండి... ఇప్పుడు దాని మీద ఎవరో నారింజ తొక్క గిల్లినట్టుంది.”

ఆవిడ చటుక్కున మూకుడు దింపేసింది. అందులో ధనియాలు సరిగ్గా ఎర్రబారి ఉన్నాయి.

“మరో నిమసం ఉంటే మాడిపోయేవి” అని, మెల్లగా చెప్పింది. “నాకు ముక్కు పని సెయ్యదు తల్లీ. ఎవరికీ సెప్పకు.”

ఆవిడే సర్దార్ బీ. విశాఖపట్నం వన్ టౌన్‌లో పుట్టి పెరిగిన మనిషి. పెళ్ళిళ్ళకి వంటలు చేసే పెద్దమ్మ బీబీజాన్ వెనకాలే తిరిగి, పదేళ్ళకే ఉల్లిపాయలు తరగడం, పన్నెండేళ్ళకి అన్నం దమ్ము పెట్టడం నేర్చుకుంది. భర్త ఇద్రీస్ పోర్టులో టార్పాలిన్లు కుట్టేవాడు, ఆయన పోయాక తనూ పెళ్ళి వంటలకి వెళ్ళేది. అలా ఓ నిఖా విందులో ఆవిడ చేతి దాల్చా తిన్న జయశీలమ్మగారు, లేచి నేరుగా వంటపందిట్లోకి వెళ్ళి “మా బంగళాకి వస్తావా?” అని అడిగారట. అది బంగళా తెరిచిన ఏడాది.

వాసన పట్టడంలో సర్దార్ బీకి పేరుండేది. పూర్ణా మార్కెట్లో లవంగాలు పిడికిట్లో నలిపి ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, పాతవైతే మారుమాట లేకుండా బస్తాలో వదిలేసేదట. అలాంటి మనిషికి 1978 వానల్లో విషజ్వరం వచ్చింది. పద్దెనిమిది రోజుల తర్వాత జ్వరం తగ్గింది కానీ ముక్కుకి ఏ వాసనా తెలియకుండా పోయింది. ఉప్పూ పులుపూ నాలుక మీద తెలుస్తున్నాయి, అంతే. లోకమంతా గాజుసీసాలో పెట్టి మూత వేసినట్టయింది అని తర్వాతెప్పుడో నాతో అంది. ఎవరికీ చెప్పకుండా, నూనె చిటపటలు విని, ఆవిరి చేత్తో తాకి, ఆరు నెలలు నెట్టుకొచ్చింది.

నేనక్కడ ఉన్న మూడో రోజున ఆ గుట్టు బయటపడింది. ఎనిమిది మంది భోజనానికి ఉన్నారు. సర్దార్ బీ ఉల్లిపాయలు వేయించడానికి పెట్టి, వెనక్కి తిరిగి బియ్యం కడుగుతోంది. వరండాలో ఉన్న నాకూ జయశీలమ్మగారికీ ఒకేసారి మాడు వాసన తగిలింది. పరుగెత్తాం. గది నిండా నల్లటి పొగ. దాని మధ్యలో ఆవిడ ప్రశాంతంగా బియ్యం కడుక్కుంటోంది.

“సర్దార్ బీ! మాడిపోతుంటే తెలియడం లేదా నీకు?” అని అరిచారు జయశీలమ్మగారు.

ఆవిడ తిరిగి చూసింది. మూకుడు దింపింది. చేతులు తుడుచుకుని అంతా చెప్పేసింది. చెప్పి, మూలనున్న తన గుడ్డసంచి తీసి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది.

“ఏం చేస్తున్నావ్?” అన్నారు జయశీలమ్మగారు.

“ఎల్తన్నానమ్మగారూ. వాసన తెలీని వంటమనిసిని మీరేటి సేసుకుంటారు?”

ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. ఆ నాలుగు రోజుల్లో నేను నోరు తెరిచిందే తక్కువ. “నాకు వంట రాదండీ. ఈవిడ నేర్పితే నేను వాసన చెప్తాను” అన్నాను.

జయశీలమ్మగారు నా వైపూ, సంచి వైపూ చూశారు. సంచి అందుకుని మళ్ళీ మూలన పెట్టేశారు. “వచ్చే ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కు కృపావతీ. ఒక్కర్తివే రాకు. ఒక ముక్కు సరిపోదు” అన్నారు.

మా ఎక్స్ఛేంజి నుంచి ఇద్దర్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. తర్వాత నెలకి ఆరుగురయ్యాం. విడిదికి వచ్చినవాళ్ళు గదుల్లో కూర్చోకుండా వంటగదిలోకి వచ్చేవారు. నేవీ వాళ్ళ భార్యలు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, ఒకసారి ఒక దంత వైద్యుడు. తరగతి అని ఎవరూ పేరు పెట్టలేదు. అదే అలా పేరు తెచ్చుకుంది.

సర్దార్ బీ దగ్గర కాగితం మీద రాసుకోవడం కుదిరేది కాదు. చేతులు ఖాళీగా ఉండనిచ్చేది కాదు మరి. పిండిలో చెయ్యి పెట్టమనేది. మన మణికట్టు పట్టుకుని “ఇంకా నొక్కు, సెవి తమ్మంత మెత్తగా అవ్వాల” అనేది. చేప ముక్కకి కారం పట్టించేటప్పుడు మన వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టేది. ఆ చేతులు గరుగ్గా, వెచ్చగా ఉండేవి. ఇక పొయ్యి మీద ఏది ఉన్నా, అందరినీ చుట్టూ నిలబెట్టి అడిగేది. బాగుంది, ఘుమఘుమలాడుతోంది లాంటి మాటలు ఒప్పుకునేది కాదు.

మేం కళ్ళు మూసుకుని వెతుక్కునేవాళ్ళం. జీలకర్ర వేగుతుంటే ఒకామె “ఎండలో నిలబడిన గుర్రబ్బండి” అంది. నెయ్యి కాగుతుంటే “మా తమ్ముడు పుట్టిన ఇల్లు” అంది ఇంకొకామె. దంత వైద్యుడు లవంగం దగ్గర మాత్రం “నా ఆసుపత్రి” అని దిగులుగా చెప్పాడు, అందరం పగలబడి నవ్వాం. సర్దార్ బీ ఒక్కొక్క మాటా వింటూ, కొంగు సర్దుకుని, ఎక్కడికో చూస్తూ ఉండేది. ఆ మాటల మీద నడిచి తను ఆ గుర్రబ్బండి దగ్గరికీ ఆ ఇంటికీ వెళ్ళివస్తోందని నాకనిపించేది. మధ్యాహ్నం వండింది తిని, సరుగుడు ఆకుల మీద చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళం. ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు మెలకువగా ఉన్నారో తెలియని మధ్యాహ్నాలవి.

1984 ఎండాకాలంలో యేసుదానం వచ్చాడు. స్టీల్ ప్లాంటు కడుతున్న చోట క్రేన్ నడిపేవాడు. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రావడానికి మొహమాటపడ్డాడు.

“మా ఇంటిది సేపల పులుసు ఎట్టేదమ్మా. ఆరేళ్ళయింది పోయి. ఆ పులుసు గావాల నాకు.”

“ఎలా సేసేదో సూసేవా బాబూ?” అంది సర్దార్ బీ.

“నేదు. నాను డ్యూటీ దిగొచ్చేసరికి అయిపోయుండేది. గుమ్మంలో వాసన తగిలేది. అంతే తెలుసు.”

వెనకెవరో కిసుక్కుమన్నారు. సర్దార్ బీ నవ్వలేదు. “వాసన తెలుసు గదా, సాలు. నాకు సెయ్యడం తెలుసు, వాసన తెల్దు. ఇద్దరం ఎతుకుదాం” అని, అతని చేతికి వంజరం ముక్కలు ఇచ్చింది.

మొదటి ఆదివారం చింతపండుతో పెట్టారు. అతను గిన్నె మీదికి వంగి తల అడ్డంగా ఊపాడు. “ఇది తడిగుంది. అది పొడి వాసన.” రెండో ఆదివారం పచ్చిమామిడి వేశారు. “దగ్గిరికొచ్చింది గానీ, ఇది లేత. అది ముదురు.” మూడో ఆదివారం పాపం చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. చెప్పడానికి సిగ్గుపడుతూ చెప్పాడు.

“సాప వాసన ఉండేదమ్మా. ఎండలో ఆరేసిన తాటాకు సాప.”

సర్దార్ బీ చేతిలో గరిటె ఆగింది. “మీ ఆవిడది ఏ ఊరు?”

“పూడిమడక కాడ ఓ పల్లె. పుష్పకుమారి అంటే ఊరందరికీ తెలుసు.”

“ఓలమ్మ! ఒరుగులు బాబూ! మామిడి ముక్కలు కోసి సాప మీద ఆరేసుకుంటారు. ఆ సాప వాసనే ఒరుగుల్లోకెల్తాది. అదే పులుసులోకొత్తాది.”

నాలుగో ఆదివారం జయశీలమ్మగారు జాడీలోంచి ఒరుగులు తీసి ఇచ్చారు. మట్టి దాకలో పులుసు ఉడికింది. యేసుదానం ముఖం మారింది. కానీ ఇంకా ఏదో తక్కువైంది.

“ఆకర్న ఒకటుండేది. బెల్లప్పాకం మాడినట్టు. తియ్యగా, సేదుగా.”

“అది మెంతులు” అంది సర్దార్ బీ వెంటనే. ఇనుప గరిటె నిప్పుల మీద పెట్టించి, నూనె పోయించి, మెంతులు అతని చేతే వేయించింది. క్రేనుతో టన్నుల ఇనుము ఎత్తే మనిషి, ఆ గరిటెని రెండు చేతులతో పట్టుకున్నాడు. సర్దార్ బీ అతని మణికట్టు పట్టుకుంది. ఇద్దరూ కలిసి గరిటె దాకలో ముంచారు. సుయ్‌మని ఆవిరి లేచింది.

యేసుదానం గబగబా బయటికి వెళ్ళిపోయాడు. ఏడవడానికి వెళ్ళాడనుకున్నాం. కాదు. సరుగుడు చెట్ల దాకా వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి, డ్యూటీ దిగి ఇంటికి వచ్చేవాడిలా నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. మెట్ల దగ్గర చెప్పులు విడిచాడు. గుమ్మంలో ఆగాడు. ఊపిరి పీల్చాడు. చెట్ల హోరు ఒక్కటే వినిపిస్తోంది.

“ఇదేనమ్మా” అన్నాడు.

సర్దార్ బీ అతని ముఖాన్నే చూస్తోంది. తను పోగొట్టుకున్నది ఎంతదో ఆ ముఖంలో కనబడిందేమో, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ పులుసు క్యారియర్లో పెట్టుకుని కూతురి కోసం తీసుకెళ్ళాడు. తల్లి పోయేనాటికి ఆ పిల్లకి రెండేళ్ళు. మరుసటి ఆదివారం వచ్చి తల గోక్కుంటూ చెప్పాడు. “దానికి నచ్చనేదమ్మా. ఇదేటి నాన్నా, ఇంత పులుపు అనీసింది.”

“మరి? నీ బెంగ దానికెందుకుంటాది? దానికి బెల్లం ముక్కేసి ఎట్టు. అది ఎరిగే పులుసు అదే అవుతాది” అంది సర్దార్ బీ.

అతను అలాగే చేశాడు. తర్వాత కూడా తరగతికి రావడం మానలేదు.

1986లో, వానాకాలం వెళ్ళాక, ఒక మధ్యాహ్నం నేనూ సర్దార్ బీ వన్ టౌన్ నుంచి బస్సులో వస్తున్నాం. ఫిషింగ్ హార్బరు దాపుల్లోకి రాగానే ఎండుచేపలూ డీజిలూ కలిసిన గాలి కిటికీల్లోంచి కొట్టింది. బస్సులో అందరూ కొంగులూ రుమాళ్ళూ ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. సర్దార్ బీ మాత్రం కిటికీలోంచి తల బయటికి పెట్టేసింది. నేను కంగారుగా చెయ్యి పట్టుకుని లాగాను.

“ఉండు తల్లీ, ఉండు. నాకొత్తంది” అంది. కళ్ళు మూసుకుని ఉంది. ముఖం నిండా ఎండ.

అలా వాసన కొంచెం తిరిగి వచ్చింది. అంతా రాలేదు. ఎండుచేప, కిరసనాయిలు, ఇంగువ, ఇలాంటి గట్టివే. గులాబీ నీళ్ళూ, ఏలకులూ ఎప్పటికీ రాలేదు. అయినా తరగతిలో మమ్మల్ని అడగడం మానలేదు. ఇంగువ వేసినప్పుడు కూడా, తనకి తెలుస్తున్నా, “ఏటి వాసన?” అని అడిగి నవ్వుతూ వినేది.

1988కి మోకాళ్ళు పట్టేశాయి. పొయ్యి ముందు నిలబడలేనని చెప్పేసింది. తరగతి ఎవరు తీసుకుంటారని జయశీలమ్మగారు అడిగితే, సర్దార్ బీ నా వైపు చూడలేదు. తొమ్మిదేళ్ళు నేర్చుకున్నా నా చేతి అన్నం ముద్దయ్యేది, అది ఆవిడకి బాగా తెలుసు. యేసుదానం పేరు చెప్పింది. అతను ప్రతి ఆదివారం సెలవు దొరికేలా డ్యూటీలు మార్పించుకుని ఒప్పుకున్నాడు.

అతని మొదటి తరగతి రోజున, వంట మాని వన్ టౌన్ వెళ్ళిపోయిన ఆవిణ్ణి నేనే వెళ్ళి తీసుకొచ్చాను. పద్నాలుగేళ్ళు ఆ బంగళాలో వండిన మనిషి వరండాలో కుర్చీలో కూర్చుని తినడం అదే మొదటిసారి. యేసుదానం వడ్డించాడు. పొట్లకాయ పెసరపప్పు, రొయ్యల వేపుడు, బగారా అన్నం. వెనక ఎనిమిది మంది కొత్తవాళ్ళు, చేతులకి మసాలా మరకలతో, ఆవిడ ఏమంటుందోనని నిలబడ్డారు. ఆవిడ నింపాదిగా తింది. రెండోసారి అన్నం పెట్టించుకుంది. చెయ్యి కడుక్కుని, కుర్చీ సముద్రం వైపు తిప్పమంది.

మేం తిప్పి, గిన్నెలు తీసి వచ్చేసరికి సన్నగా గురక పెడుతూ నిద్రపోతోంది.