ఉతకని వల

మొన్న జగిత్యాలలో డిగ్రీ ఫస్టియర్ పిల్లలకు ప్లవకాల పాఠం చెబుతున్నాను. ప్లవకాలంటే నీటి వాలుకు కొట్టుకుపోయే జీవులు. ఎదురీదే సత్తువ ఉండదు, చాలావాటిని కంటితో చూడలేం, కానీ సముద్రంలో చేపలన్నీ బతికేది వాటి పుణ్యమే. మా ఊళ్లకు సముద్రం ఎంత దూరమంటే, నా క్లాసులో దాన్ని చూసినవాళ్లు ముగ్గురే. ఆ ముగ్గురూ సెల్ఫీలు దిగే తొందరలో దానికి వీపు పెట్టి నిలబడినవాళ్లే. అందుకని ఏటా ఆ పాఠాన్ని గబగబా అయిందనిపిస్తాను. ఈసారి ముందు బెంచీ పిల్ల ఒకతె చెయ్యెత్తి, "మేడం, సముద్రంల గూడ కాలాలుంటయా, మనకు ఎండకాలం వానకాలం ఉన్నట్టు?" అంది. ఉంటాయమ్మా అని బోర్డు మీద పన్నెండు నెలల గీత గీయబోయాను. అక్టోబరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అదృష్టం, గంట కొట్టారు. కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మా బాపు గుర్తొచ్చాడు. తండ్రిని రోజూ తలుచుకునే ఉత్తమ కూతుర్నని నేను చెప్పుకోను. తలుచుకుంటే ఎక్కడికి పోయి ఆగుతానో నాకు తెలుసు. అందుకే మామూలుగా ఆ దారిలో కూరగాయల గురించి ఆలోచిస్తుంటాను.

మా బాపు సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. సాంచా అంటే మా దగ్గర కరెంటు మగ్గం. ముందు గదిలో నాలుగు సాంచాలు పొద్దంతా దడదడలాడేవి. మా ఇంట్లో ఎవరమూ మెల్లగా మాట్లాడటం నేర్చుకోకపోవడానికి అదే కారణం. అంతకుముందు ఆయన గుంటమగ్గం మీద చేత్తో నేసినవాడు. సాంచాలు వచ్చాక ఆ పాత మగ్గం వెనక అర్రలో, దాని గుంటలోనే మూలపడింది. దాని మీద మా అవ్వ, అంటే అమ్మ, బీడీలు చుట్టే తునికాకు కట్టలు ఆరబెట్టుకునేది. బాపు జేబులో ఎప్పుడూ ఒక మడత అద్దం ఉండేది, బట్టలో పోగులు లెక్కపెట్టేది. ఎవరు ఇంటికొచ్చినా మంచినీళ్లు ఇచ్చేలోపే వాళ్ల చొక్కా కొస పట్టుకొని అద్దం ఆనించేవాడు. నన్ను చూడటానికి వచ్చిన ఒక పెళ్లికొడుకు చెయ్యి దగ్గరికి లాక్కొని, చొక్కాను అద్దంలో చూసి, "పోగు పల్చగున్నది, రెండు ఉతుకులకు పోతది" అన్నాడు. ఆ సంబంధం అంతటితో సరి. అవ్వ నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకు మాత్రం లోపల భలే సంతోషమైంది, చదువుకోవచ్చని.

అలా చదువుతూ చదువుతూ విశాఖపట్నం దాకా పోయి తీరపు నీళ్ల మీద పరిశోధనకు కుదురుకున్నాను. సిరిసిల్ల ఇంకా జిల్లా కాని రోజులవి. నా పని చెప్పుకోవడానికి చిన్నదే. నెలకోసారి పడవలో ఒకే చోటికి పోయి, వల దించి, అందులో పడ్డ ప్లవకాలను సీసాలో పెట్టి తెచ్చి, సూక్ష్మదర్శిని కింద ఏవి ఉన్నాయో, ఏవి పోయాయో రాసుకోవాలి. ఫిబ్రవరి, మార్చిలో అడుగు నీళ్లు పైకి పొర్లి, కంటికి కనబడని పచ్చటి పంట పండుతుంది. దాని వెనకే దాన్ని మేసేవి వస్తాయి. ఎండలు ముదిరాక అన్నీ పల్చబడతాయి. వానలన్నీ కురిసి, నదుల వరద తీరం వెంబడి దిగివచ్చే అక్టోబరులో ఉప్పు తగ్గిపోతుంది. అప్పుడు సముద్రం పాత కాపురాలను ఖాళీ చేయించి కొత్తవాళ్లను దింపుకుంటుంది. నా పరిశోధనకు ప్రాణం ఆ నెలే. మా గైడు తక్కువ మాట్లాడే మనిషి. మొదటి రోజే చెప్పాడు, "పన్నెండు నెలలూ కావాలమ్మా. ఒక్క నెల తెగితే ఆ నెల కోసం మళ్లీ ఏడాది ఆగాలి" అని.

సెప్టెంబరులో నీటి అడుగున రాయికి తగిలి ల్యాబు వల నిలువునా చినిగిపోయింది. ఆ వల పెద్ద గరాటులా ఉంటుంది. పిండి జల్లెడ కన్నా సన్నటి నైలాను జాలీబట్ట, అడుగున ఒక సీసా. కొత్తది బొంబాయి నుంచి రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. నేను ఏడుపు మొహం పెట్టుకొని, చినిగిన వలను సంచిలో కుక్కుకొని ఇంటికి వచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు, బాధను ఎవరికైనా చూపించుకోవాలి కదా. బాపు దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "గీ బొక్కలేంది బిడ్డా? బట్టంటే బొక్క కనబడద్దని మేం సచ్చిపోతం. నువ్వు బొక్కలే నేయుమంటున్నవు" అన్నాడు. కాసేపటికి మళ్లీ అన్నాడు, "సాంచా మీద కాదు గని, గుంటమగ్గం మీద అయితది. పోగు పోగుకు మెలేసుకుంట పోతే బొక్క జరుగది."

అవ్వ తునికాకు తీసుకొని తిట్టుకుంటూ అవతలికి పోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత బాపు ఆ గుంటలో కాళ్లు పెట్టాడు. అప్పటికే ఆయనకు దమ్ము ఉంది. చిన్నప్పటి నుంచి నూలు దుమ్ము మింగిన ఊపిరితిత్తులవి. పది పోగులు నేస్తే పదిసార్లు దగ్గేవాడు. సాంచాలు పనివాళ్లకు అప్పగించి, పన్నెండు రోజులు ఆ అర్రలోనే ఉన్నాడు. సన్న నైలాను పోగు తెప్పించి, అంగుళానికి ఎన్ని పోగులో ల్యాబు వలలో ఉన్నన్నే, ఒక్కటి ఎక్కువా తక్కువా లేకుండా నేశాడు. తన చేత్తోనే గరాటులా కుట్టాడు. ఆ బట్ట అప్పడంలా పెళపెళలాడుతుంటే నాకు ముద్దొచ్చింది. "ఇది మంచిగ పట్టుకొస్తే రాజన్నకు కోడె గడత" అని వేములవాడ దిక్కు మొక్కాడు. వేములవాడ శివుడే మాకు రాజన్న; ఆయన గుడిలో కోడెను కట్టేయడమంటే మా దగ్గర చిన్న మొక్కు కాదు, అనుకున్నది జరిగితే తీర్చి తీరాల్సిన మాట.

అక్టోబరులో ఆ వలను పడవ వెనక దించాం. పది నిమిషాలు లాగి పైకి తీద్దామంటే ఇద్దరం పట్టినా రాలేదు. నీళ్లు బయటికి పోక, నిండిన తోలుతిత్తిలా వేలాడుతోంది. ఎలాగో ఎత్తి అడుగు సీసా విప్పితే తెల్లగా, జిగురుగా ఏదో కారింది. పడవాయన ముక్కు దగ్గర పెట్టుకొని, "ఇదేటి తల్లీ, గంజి లాగుంది!" అన్నాడు. సూక్ష్మదర్శిని కింద ఆ జిగురు ముద్దలు తప్ప చెప్పుకోదగ్గది ఏమీ కనబడలేదు. మళ్లీ పోదామంటే వాయుగుండం పట్టుకుంది, నెలాఖరు దాకా పడవలు కదల్లేదు. అక్టోబరు పోయింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ముసలాయన బొక్కలంటే సిగ్గుపడి మూసి నేశాడని తీర్మానించేసుకున్నాను. వలను ల్యాబు అల్మారాలో అడుగున పడేశాను. వల దించిన రోజు సాయంత్రమే ఆయన ఫోన్ చేసి, "పడ్డయా బిడ్డా?" అని అడిగాడు. "పడ్డయి బాపూ, మస్తు పడ్డయి" అన్నాను. ఆ మాట అనడం ఎంత తేలికో! ఆ వారమే ఆయన వేములవాడ పోయి, లైన్లో దగ్గుకుంటూ నిలబడి కోడె కట్టి వచ్చాడని అవ్వ చెప్పింది.  అప్పుడైనా నిజం చెప్పలేదు.

మార్చిలో చెప్పాపెట్టకుండా ఆయనే వచ్చేశాడు. తన వల నీళ్లలో దిగుతుంటే చూడాలట. ల్యాబులో దండేనికి బొంబాయి వల ఆరేసి ఉంది. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "నాదేది?" అన్నాడు. అల్మారా తెరవక తప్పలేదు. ఆయన దాన్ని దులిపి, బొటనవేలుతో రుద్ది, నాలిక కొసకు ఆనించుకున్నాడు. నేతగాళ్లు గంజిని అలాగే చూస్తారు. తర్వాత నా మొహం వైపు చూడకుండానే అడిగాడు, "దీన్ని ఉతికినవా బిడ్డా?"

లేదన్నాను. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. "గంజి పెట్టంది పోగు మగ్గం ఎక్కుతదా? నైలానుకు వట్టి గంజి నిలువదని గోందు జిగురు గూడ కలిపిన. ఏడినీళ్లల్ల మూడు మాట్ల ఉతికితే పోతది. సాలోళ్ల ఇంట్ల పుట్టి, కొత్తబట్టను ఉతుకకుంట నీళ్లల్లకెట్ల దించినవే?" గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నేనన్న చెప్పాల్సుండె. నీకు గిది చెప్పుడేందని ఊకున్న" అని తనమీదే వేసుకున్నాడు. చిన్నప్పుడు పడుగుకు గంజి రాసే కుంచె నేనే అందించేదాన్ని. పండక్కి వచ్చిన కొత్త చీరను ముందు నీళ్లలో ముంచి తీయడం మా ఇంట్లో చంటిపిల్లకు కూడా తెలుసు. నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు చదివి అది మర్చిపోయాను, పైగా ఆయన చేతిపనికి వంక పెట్టాను. ఆయన నవ్వబోయి, దగ్గాడు. "అయితే రాజన్నకు ఒట్టిగనే కోడె గట్టిన్నన్నట్టు." అప్పుడే తప్పయింది బాపూ అనాల్సింది. సిగ్గేసి, హీటరు వెతికే నెపంతో లేచాను. నిజం చెప్పాలంటే, నేసినవాడు ముందే చెప్పొద్దా అని మనసులో ఓ మూల ఇంకా విసుగ్గానే ఉంది.

హీటరు మీద నీళ్లు కాచి, ఆయనే మూడుసార్లు ఉతికి ఆరేశాడు. మర్నాడు పడవలో సగం దూరం పోకముందే కక్కుకొని, తువ్వాల నెత్తికి చుట్టుకొని, "గీ ఊగుడు మీద ఎట్ల చదువుతున్నవు బిడ్డా" అంటూ అంచు పట్టుకొని కూర్చున్నాడు. ఆయన వల దిగింది, నీళ్లు సాఫీగా దాటాయి, అడుగు సీసా పచ్చగా నిండింది. ల్యాబులో ఒక చుక్క తీసి చూపిస్తే, ఒంటికన్ను రొయ్యపిల్లల్లాంటివి కొన్ని చటుక్కున అటూ ఇటూ దూకుతున్నాయి. "నాడె లెక్క ఉరుకుతున్నయి" అని మురిసిపోయాడు. మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడె కన్నా చురుకైనది ఆయన ఎరిగిన లోకంలో లేదు. "మరి మొన్న పోగొట్టుకున్నయి?" అని అడిగాడు. అవి కొన్ని వారాలే బతుకుతాయనీ, అలాంటివి మళ్లీ అక్టోబరులోనే వస్తాయనీ చెప్పాను. "మల్ల అస్తయంటే ఇంకేంది? ఒక్క ఏడు ఆగు" అన్నాడు. అప్పుడే మనసులో అనుకున్నాను, అక్టోబరు సీసా ఈ వలతోనే నింపి, సిరిసిల్లకు పట్టుకుపోయి, ఆయన చేతిలో పెట్టి తప్పయిందని చెబుదామని. ఉత్త చేతులతో చెప్పే క్షమాపణ నాకు చిన్నదిగా తోచింది. ఎంత తెలివితక్కువదాన్నో.

ఆ అక్టోబరు రానే వచ్చింది. పడవ ఖాయం చేసుకున్న రోజుకు ముందురోజు అవ్వ ఫోన్ చేసింది, బాపును కరీంనగర్ దవాఖానల చేర్పించిన్రని. బయలుదేరుతానంటే ఆయనే ఫోన్ తీసుకున్నాడు. మాటకూ మాటకూ నడుమ ఈల వేసినట్టు ఊపిరి. "రాకు బిడ్డా. నెల పోతే మల్ల ఏడు ఆగాలె. వల దించినంక రా. నేను యాడికి పోత?" ఆయన మాట విన్నానని చెప్పుకోవచ్చు. కానీ నాకూ ఆ సీసా కావాలి. పొద్దున్నే పడవెక్కాను. ఆయన వల ఈసారి కడుపునిండా తెచ్చింది. మార్చిలో ఉన్నవాటిలో చాలావరకు లేవు, వాటి చోట సన్నసన్నటి కొత్త ప్రాణులు. మందు కలిపి సీసాకు మూత బిగించి, దానికి ఒక లేబుల్ అంటించి, మధ్యాహ్నం ఒడ్డుకు వచ్చి ఫోన్ చూసుకుంటే, అవ్వ చేసిన ఫోన్లు వరసగా కనిపించాయి. నడి సముద్రంలో సిగ్నల్ ఉండదు.

మర్నాడు సిరిసిల్లకు చేరేసరికి మా వాడలో సాంచాలన్నీ ఆపేశారు. అంత నిశ్శబ్దంలో ఆ వాడను నేనెప్పుడూ చూడలేదు, మా ఇల్లు కూడా నాకు గుర్తుపట్టరాలేదు. అవ్వ నన్ను పట్టుకొని ఏడవలేదు. "నిన్న పొద్దుగాల రెండు మాట్ల అడిగిండే, పడ్డయా అని. నీకు ఫోన్ కలువలే. పడ్డయని చెప్పిన, ఏం తెలుసని చెప్పిన్నో" అంది. నా సంచిలో సీసా ఉంది. ఆయన తల దగ్గర కూర్చొని చెవిలో, "పడ్డయి బాపూ. తప్పయింది" అన్నాను. ఒకసారి అబద్ధంగా చెప్పినప్పుడు విని మొక్కు తీర్చుకున్న మనిషి, నిజంగా చెప్పినప్పుడు వినలేదు. సముద్రంలో తప్పిపోయిన నెల ఏడాది ఆగితే మళ్లీ వస్తుంది. నెలనెలా ఆ లెక్క రాసీ రాసీ, మనిషికి కూడా ఇంకో ఏడాది ఉంటుందని నమ్మాను.