బొట్టు తుడిచిన తాపీ

ఫెలోషిప్ నాకు ఇవ్వలేదని మా ఇంట్లో అనుకుంటున్నారు. అది నిజం కాదు. నేనే వద్దని రాసి పంపాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే మా నాయన అదంతా తన వల్లే జరిగిందనుకుంటాడు. అందుకే "ఇంటర్వ్యూలో పోయింది" అని ఒక ముక్క అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. నేను ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషినే కాబట్టి ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు.

మాది తమిళనాడులో, వేలూరు దగ్గరి గుడియాత్తం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం, రాయడం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు, పట్టుబట్టి నేర్చుకున్నాను. మా నాయన మేస్త్రీ. ఆయన కింద ఒక జట్టు ఉంది. ఇల్లు కట్టుకోవాలనుకున్నవాళ్ళు మా ఇంటికే వచ్చి, చెప్పులు విడిచి, లోపల కూర్చుని, వంటిల్లు ఏ మూల పెడదామని ఆయన్నే అడుగుతారు.

వేలూరులో నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. మా వైపు తోళ్ళు పదునుచేసే షెడ్ల నుంచి వచ్చే నీళ్ళలోని క్రోమియాన్ని తక్కువ ఖర్చుతో ఎలా తీయవచ్చు అన్నదాని మీద పీహెచ్‌డీ చేయాలని నా కోరిక. ఆ కోరికతోనే కాట్పాడిలోని ఒక ట్రస్టుకు వెళ్ళాను. భాషాపరంగానో మతపరంగానో మైనారిటీలైన పిల్లలను సైన్సులో పీహెచ్‌డీ దాకా నడిపిస్తామని వాళ్ళ ప్రకటన. మేడ మీద ఒక గది, శనివారం క్లాసులు, మాకందరికీ కలిపి ఒక మెంటర్. ఆయన్ని సార్ అనే పిలిచేవాళ్ళం.

సార్ కూడా మా ఊరివాడే. బజారులో వాళ్ళ నాన్నది కిరాణా అంగడి. వాళ్ళ కుటుంబంలో మొదటి డాక్టరేట్ ఆయనదే. పరిశోధన పత్రం చేతికి రాగానే ముందు బొమ్మలు చూడాలనీ, పెద్ద ప్రొఫెసర్లకు రాసేటప్పుడు పొగడ్తలు కాకుండా ఒక మంచి ప్రశ్న రాయాలనీ ఆయనే నేర్పాడు. నాకు గొంతు పెగలకపోతే "నాకు చెప్పొద్దులే, ఆ ఫ్యానుకు చెప్పు" అనేవాడు. ఫ్యానుకు చెప్పీ చెప్పీ నాకు మాట వచ్చింది. బెంగళూరులోని ఒక ల్యాబు నన్ను తీసుకుంటామంది. కావలసింది ట్రస్టు ఇచ్చే ఈ ఫెలోషిప్, సార్ రాసే సిఫార్సు. ఆ రెండూ ఉంటే నా చదువు ముందుకు, లేకపోతే లేదు.

మొదటిసారి నాకు తేడాగా అనిపించింది 'నా గురించి' అని ఒక పేజీ రాసి తెమ్మన్నప్పుడు. నాన్న భవన నిర్మాణ మేస్త్రీ అని రాశాను. సార్ అందరి ముందూ చదివి, అక్కడ ఆగాడు.

"మేస్త్రీ అంటే యాడ అర్థమవుతాదమ్మా డబ్బులిచ్చేవాళ్ళకు? కూలి అని రాయి."

"కూలి కాదు సార్."

"అబ్బ, నువ్వొకదానివి! ఇటుకలు మోస్తాడా లేదా?"

"ముందు మోసేవాడు సార్."

"మోసినాడు గదా. చాల్లే."

అందరూ నవ్వారు. నా పక్కనున్న అమ్మాయి వాళ్ళ నాన్నకు చెప్పుల అంగడి ఉంది. సార్ దిద్దాక ఆమె పేజీలో ఆయన రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవాడయ్యాడు. ఆమె కూడా నవ్వింది. నీచు వాసన వేసే గ్లాసులో నీళ్ళు తాగినట్టు ఉంది నాకు. అయినా మింగాను. బెంగళూరు కావాలి కదా.

తర్వాత సార్ మా ఇల్లు చూడడానికి వస్తానన్నాడు. సెలవు దొరికేది ఆయుధపూజ రోజే అన్నాడు. మా అమ్మ సంబరపడిపోయింది. "మంచి పొద్దు చూసి వస్తుండారు. పెద్దోళ్ళంటే అట్లుండల్ల."

మాలాంటి వాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజు పనిముట్లకు సెలవు. ముందురోజే నాయన తాపీకి పట్టిన సిమెంటంతా గీకి, కడిగి, నూనె రాస్తాడు. తాపీ, సుత్తి, రసమట్టం, తూకంగుండు అన్నీ దేవుడి ముందు పీట మీద పేర్చి, గంధం, కుంకుమ పెడతాం. పక్కనే నా పుస్తకాలు. మరునాడు మళ్ళీ పూజ చేసి తీసేదాకా నాయన తాపీ పట్టడు, నేను పుస్తకం తెరవను. చిన్నప్పుడు ఆ ఒక్క రోజూ గడవక, బొరుగులు కట్టి ఇచ్చిన కాగితాన్ని దొంగతనంగా చదివేదాన్ని.

సార్ వస్తున్నాడని నాయన ముందు గోడకు రంగు వేయించాడు. ఒక గృహప్రవేశంలో ఇంటి యజమాని పెట్టిన జరీ అంచు పంచె తీసి కట్టుకున్నాడు. ఇల్లు కట్టిన మేస్త్రీకి ముందు బట్టలు పెట్టాకే ఇంటివాళ్ళు లోపల అడుగుపెడతారు మా వైపు. ఆయనకు పట్టాలూ సర్టిఫికెట్లూ అంటే ఆ పంచెలే.

సార్ కారు వచ్చింది. ముందు అద్దానికి గంధం బొట్లు, కుంకుమ, బంతిపూల దండ, రెండు పక్కలా అరటి పిలకలు. ఆయనతో పాటు కెమెరా పట్టుకుని ట్రస్టులో పనిచేసే ఒకామె దిగింది. అమ్మ గుగ్గిళ్ళు పెట్టింది. సార్ తింటూ గోడలన్నీ చూశాడు.

"ఏమ్మా, ఇల్లు ఇంత బాగుండాదని నువ్వు చెప్పనే లేదే?"

అమ్మ మెచ్చుకున్నాడనుకుంది. "ఆయన చేతులారా కట్టినారు సార్" అంది. కెమెరా ఆమె సార్ చెవిలో ఇంగ్లీషులో, ఇక్కడ తీయడానికి ఏమీ లేదంది. నాకు వినబడింది.

ఇంటి వెనక మిగిలిపోయిన ఇసుక, విరిగిన ఇటుకలు ఉన్నాయి. సార్‌కు అవి నచ్చాయి. నాయనను లుంగీ కట్టుకుని తలకు తువ్వాలు చుట్టుకుని రమ్మన్నాడు.

"ఫోటోకు జరీ పంచె విప్పమనేవాళ్ళను ఇప్పుడే చూస్తుండా సార్" అని నాయన నవ్వుతూనే వెళ్ళి మార్చుకుని వచ్చాడు.

"తాపీ యాడుండాదప్పా?"

"సామి ముందర ఉండాది సార్. ఈ పొద్దు దానికి లీవు."

"రెండే నిమిషాలు."

"రేపు రండి సార్, గోడే కట్టి చూపిస్తా. ఈ పొద్దు ముట్టేది లేదు."

సార్ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా మీ నాయనకు. బెంగళూరోళ్ళకు ఈ వారమే రాయల్ల నేను."

ఆ రెండు మాటలూ ఆయన ఊపిరి తీసుకోకుండా కలిపి అన్నాడు. నేను ఇసుక కుప్ప వైపు తిరిగాను. సార్ ఒక క్షణం చూసి, తనే ఇంట్లోకి వెళ్ళాడు. చెప్పులు మాత్రం గుమ్మం బయట విడిచాడు. పీట మీంచి తాపీ తీసుకుని, నడుస్తూనే జేబురుమాలుతో దాని మీది గంధం, కుంకుమ శుభ్రంగా తుడిచేశాడు. బొట్టుంటే పనిలో ఉన్నట్టు కనబడదట.

"అయ్యో సార్! మీ కారు బొట్టు అట్లే ఉండాదే!" అంది అమ్మ.

"కారు వేరేమ్మా."

తెలియక చేశాడని అనుకోవడానికి కూడా లేదు. ఈయన అంగడివాళ్ళ బిడ్డ. ఆ రోజు వాళ్ళ తక్కెడకు కూడా బొట్టు పెట్టి పక్కన పెడతారు, చక్కెర కావాలని ఎవరొచ్చినా రేపు రమ్మంటారు.

నాయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత చెయ్యి చాపి తాపీ అందుకున్నాడు.

నన్ను ఇటుకల మీద కూర్చోబెట్టి, పీట మీంచి చేతికందిన పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టారు. అది సైన్సు పుస్తకం కాదు, నా తెలుగు కథల పుస్తకం. ఎవరూ గమనించలేదు. "సిరిక్కాదీంగప్పా" అని కెమెరా ఆమె నాయనతో తమిళంలో అంది, నవ్వొద్దని. ఆయన నవ్వడం లేదు.

వాళ్ళు వెళ్ళాక నాయన తాపీని కడిగి తుడిచాడు. అమ్మ మళ్ళీ గంధం తీసింది. "పోనీలే, పాపకు మంచి జరిగితే చాలు" అంది. "ఆ సారు చూడు, తాపీని సాంబారు గరిటె మాదిరి పట్టుకున్నాడు" అని నాయన నన్ను నవ్వించబోయాడు. నేను పెరట్లోకి వెళ్ళి తిన్న గుగ్గిళ్ళన్నీ కక్కాను.

కోపమైతే కొన్నాళ్ళకు తగ్గేది. నాకు పుట్టింది రోత. తర్వాతి శనివారం సార్ పక్కన నిలబడి నా కాగితాలు దిద్దుతుంటే ఆయన జేబులోని రుమాలు వైపు చూడలేకపోయాను. ఆ రోజే నాకోసం రాసిన సిఫార్సు చూపించాడు. కూలి కూతురినన్నది మొదటి వాక్యంలోనే ఉంది. నా పని చివర్లో ఉంది, అదీ తప్పుగా. నీళ్ళలోంచి క్రోమియం తీయడం బదులు, నేను బంగారం శుద్ధి చేస్తానని రాశాడు. ఎన్ని శనివారాలు ఆ ఫ్యానుకు చెప్పుకున్నానో!

"వచ్చే నెల చెన్నైలో దాతల మీటింగు ఉండాది" అన్నాడు. "మీ నాయన్ను స్టేజీ ఎక్కిస్తాం. ఆ లుంగీతోనే రమ్మను. తాపీ మరిచిపోవద్దను."

నాయనకు చెబితే వస్తాడు. నాకోసం లుంగీ కట్టుకుని, తాపీ పట్టుకుని, ఏసీ హాల్లో నవ్వకుండా నిలబడతాడు. అది నాకు బాగా తెలుసు. క్లాసయ్యాక కాట్పాడి స్టేషన్‌కు వెళ్ళేసరికి బెంగళూరు బండి వచ్చి ఆగింది. దాని ఎదుట బెంచీ మీద కూర్చుని, ఈ ఫెలోషిప్ నాకు వద్దని ఫోన్లోనే టైపు చేసి పంపించాను. బండి కదిలింది. నేను లేచి మా ఊరి బస్సు కోసం స్టేషన్ బయటికి నడిచాను.

ఇప్పుడు కనియంబాడి దగ్గర ఒక బడిలో కెమిస్ట్రీ చెబుతున్నాను. పీహెచ్‌డీకి ఫెలోషిప్ ఇచ్చే జాతీయ పరీక్షకు చదువుకుంటున్నాను. బెంగళూరు ల్యాబులో ఆ చోటు వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది. దానికి ఏడ్చాను కూడా.

నేను వద్దని రాసిన మెయిలు చూసి ఆ శనివారం సాయంత్రమే సార్ ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కారణం కూడా అడగలేదు. ఎప్పటిలాగే మెత్తగా మాట్లాడాడు.

"సరేలేమ్మా, నీ ఇష్టం. ఆ ఫోటో మాత్రం మేము వాడుకుంటాం, బాగొచ్చింది."