ఆహార పుస్తకంలో నెయ్యి

రెండేళ్ల క్రితం నిమోనియా వచ్చి బలమైన యాంటీబయాటిక్స్ వాడాక నా పొట్ట మళ్లీ కుదురుకోలేదు. రోజుకు ఐదారు విరేచనాలు. బస్సులో మంచిర్యాల దాకా వెళ్లడం కూడా మానుకున్నాను. అందుకే గోదావరిఖనిలో ఒక ఆసుపత్రిలో పేగుల్లోని బ్యాక్టీరియా మీద పరిశోధన మొదలైందని, నాలాంటివాళ్లను చేర్చుకుంటున్నారని తెలియగానే వెళ్లి సంతకం పెట్టాను.

వాళ్లు చెప్పింది తేలిగ్గానే అర్థమైంది. ఆ మందులు రోగంతోపాటు మనకు పనికొచ్చే సూక్ష్మజీవులను కూడా చంపేస్తాయి. వాటిని పొడి రూపంలో తిరిగి లోపలికి పంపితే నిలదొక్కుకుంటాయా అన్నది చూడాలి. సగం మందికి అసలు పొడి, సగం మందికి అవి లేని ఉత్త పొడి. ఎవరికి ఏది అన్నది మాకూ తెలియదు, ఇచ్చే నర్సుకూ తెలియదు. వారానికోసారి మలం డబ్బాలో పట్టి తేవాలి. తిన్నదంతా రోజూ ఒక పుస్తకంలో రాయాలి. ఆ సూక్ష్మజీవులు బతికేది మనం తిన్నదాని మీదే.

డబ్బా మోయడమే కష్టమవుతుందనుకున్నాను. షేర్ ఆటోలో దాన్ని సంచిలో దాచి, నడుం నిటారుగా పెట్టుకుని కూర్చునేవాణ్ణి. రెండు వారాల్లో అలవాటైంది. చిక్కు వచ్చింది పుస్తకంతో.

మా ఇంట్లో ఏం వండారో బయటికి తెలియకూడదన్నది పాత కట్టుబాటు. మా తాతలు దొరలుగా కట్టుకున్న కోటలాంటి గడిలో వంటింటికి వీధివైపు కిటికీయే పెట్టలేదు. భూములు పోయి, మిగిలిన కొంచెం ఓపెన్‌కాస్ట్ గనిలో కలిశాక, నాన్న బియ్యం కొనలేక మక్కజొన్న రవ్వ గట్క తిన్న రోజుల్లో కూడా ఎవరైనా అడిగితే సన్నబియ్యం, నెయ్యి అనే చెప్పేవాడు. అది అబద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు. పెన్ను పట్టుకోగానే నేనూ అదే రాశాను. మధ్యాహ్నం సన్నబియ్యం అన్నం, ముద్దపప్పు, రెండు చెంచాల నెయ్యి.

ఏడో వారం నర్సు నా పుస్తకం తెరిచి, తన కాగితం పక్కన పెట్టుకుంది.

"సార్, మంగళవారం మీ ఇంటికి ఫోన్ చేసిన. అట్ల అందరికీ చేస్తం. పగటీలి మక్క గట్క, మజ్జిగ అని మేడమ్ చెప్పిన్రు. మీరేమో అన్నం, నెయ్యి రాసిన్రు."

పక్క బెంచీ మీద ఈ పరిశోధనలోనే ఉన్న ఒక రిటైర్డ్ గని కార్మికుడు కూర్చుని ఉన్నాడు. అతని తండ్రి మా పశువులు కాసినవాడు. నేను గనిలో దీపాల గదిలో పనిచేసిన ముప్పై ఏళ్లూ అతను నా చేతి నుంచే టోపీదీపం తీసుకుని కిందికి దిగాడు. ఇప్పటికీ నన్ను దొరా అనే పిలుస్తాడు. అతని ముందు ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. గట్క పనిమనిషికి వండిందని, మా ఆవిడ పొరబడి చెప్పిందని అన్నాను.

నర్సు అది రాసుకోలేదు. రెండూ కలవకపోతే నన్ను పరిశోధనలోంచి తీసేస్తారని, పొడి ఆగిపోతుందని చెప్పింది. తను టీ తాగి వచ్చేలోగా ఆలోచించుకోమంది. అప్పటికి నా విరేచనాలు రోజుకు రెండుకు తగ్గాయి. పొడి అసలుదో ఉత్తదో గాని, దాన్ని వదులుకోవాలని లేదు.

వరండాలో నిల్చుంటే అతను వెనకే వచ్చాడు.

"దొరా, పనిమనిషిని ఎప్పుడు పెట్టిన్రు?"

నేను రోడ్డు మీది ఆటోల వైపు తిరిగాను.

"రేషన్ లైన్ల మీ ముందట నేనే ఉంట గద. పిండి గిర్నీకి మక్కల సంచి సైకిల్ మీద మీరే తెస్తరు. ఇన్నేండ్ల సంది చూస్తలేనా?"

"మరి ఎన్నడూ అనలేదేంది?"

"ఏమని అనాలె? నేను సుత గదే తింట." అతను తన డబ్బా సంచిని చెయ్యి మార్చుకున్నాడు. "నెయ్యి తిన్నోని కడుపుల పురుగులు వేరే ఉంటయేమో. గా పిల్ల గవి మీ కడుపుల దేవులాడుతది. యాడ దొరుకుతయి?"

అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

నర్సు వచ్చాక లోపలికి వెళ్లాను. అతను బయటే ఉంటానంటే రమ్మన్నాను. అతను వినకుండా చెబితే సగమే చెప్పినట్టవుతుందనిపించింది. నెయ్యి మా ఇంట్లో లేదని, పనిమనిషి కూడా లేదని చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి పెద్ద డాక్టరును అడిగి వచ్చింది. నన్ను ఉంచుకుంటారట, రాసినదంతా దిద్దాలట.

పరిశోధన పుస్తకంలో దేన్నీ చెరపకూడదు, పేజీ చింపకూడదు. తప్పు మీద ఒక్క గీత గీయాలి, కింద ఏముందో కనబడుతూనే ఉండాలి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టాలి. నా సంతకంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఏడు వారాల నెయ్యి మీద గీతలు గీస్తూ, ప్రతి గీత పక్కనా ఆ ఇంటిపేరు రాశాను. మధ్యాహ్నం దాటింది. అతను బెంచీ మీద నుంచి లేవలేదు.

చివర ఆమె ఆ రోజు పొద్దున ఏం తిన్నానో అడిగింది. సద్ది గట్క, మజ్జిగ, ఉల్లిగడ్డ అన్నాను.

"ఉల్లిగడ్డ ఎంత సార్?"

"సగం."